పట్టువిడుపుల ప్రయాణం



మీ ముంజేతిని ఒక్కసారి చూసుకోండి. ఆ చర్మానికి రంగునిచ్చే కణాలు అక్కడ పుట్టినవి కావు. అమ్మ కడుపులో మనకు నాలుగు వారాల వయసున్నప్పుడు, ఒంటి పొడవు అర సెంటీమీటరుకు అటూ ఇటూగా ఉన్నప్పుడు, ఆ కణాల పూర్వీకులు వీపు మధ్యగీత వెంట తయారయ్యాయి. అక్కడి నుంచి పాక్కుంటూ, పక్కటెముకల చోటు దాటి, భుజం దాటి చేతికి చేరాయి. మన పేగుల గోడల్లో ఉండి తిన్నదాన్ని ముందుకు నడిపించే నాడీకణాలు కూడా అలా వలస వచ్చినవే. మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథి నడిమి భాగం, ముఖంలోని చాలా ఎముకలు, పంటి లోపలి డెంటిన్ అన్నీ ఆ వలస సంతానమే. వీటన్నిటికీ మూలమైన కణాలను న్యూరల్ క్రెస్ట్ కణాలంటారు. విల్‌హెల్మ్ హిస్ అనే స్విస్ శాస్త్రవేత్త 1868లో కోడి పిండంలో వీటిని మొదటిసారి గుర్తించాడు.

ఈ కణాలు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళతాయో తేల్చడానికి మరో వందేళ్లు పట్టింది. కణాలన్నీ ఒకేలా కనిపిస్తుంటే ఏది సొంత ఊరిదో, ఏది వలస వచ్చిందో ఎలా చెప్పగలం? ఫ్రాన్స్‌లో నికోల్ లె ద్వారెన్ అనే శాస్త్రవేత్తకు 1969 ప్రాంతంలో ఓ చక్కని ఉపాయం తట్టింది. కౌజుపిట్ట కణాల కేంద్రకంలో రంగు వేస్తే ముద్దగా కనిపించే పదార్థం ఒకటుంటుంది. కోడి కణాల్లో అలా ఉండదు. ఆమె కౌజుపిట్ట పిండం నుంచి న్యూరల్ క్రెస్ట్ ముక్కను తీసి, కోడి పిండంలో అదే చోట అతికించారు. ఇక ఆ కోడి ఒంట్లో ముద్ద ఉన్న కేంద్రకం ఎక్కడ కనిపిస్తే అక్కడికి కౌజు కణం నడిచి వెళ్లిందన్నమాట. సూక్ష్మదర్శిని అక్కరలేని సాక్ష్యం కూడా దొరికింది. గుడ్డు పగిలి బయటికొచ్చిన తెల్లకోడి పిల్లకు, అతికించిన చోట కౌజుపిట్ట ఈకల రంగే వచ్చింది!

దారి తెలిసింది. ఆ దారిన కణాన్ని నడిపించేది ఏమిటన్నది ఇవాళ్టి నా ప్రసంగ విషయం. జవాబును ఒక్కమాటలో ముందే చెప్పేస్తాను. కణాన్ని నడిపించేది దాని పట్టు. కణం ఒంటిమీద ఉండి పక్క కణాన్నో, కింది నేలనో పట్టుకునే ప్రోటీన్లున్నాయి. అతుక్కుపోవడం కదలికకు అడ్డు అని మనకు అనిపిస్తుంది. పిండంలో అలా కాదు. పట్టు దొరకని కణం సరిగా ముందుకు సాగలేదు.

తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుణ్ణి మీలో చాలామంది చూసే ఉంటారు. నడుముకూ చెట్టుకూ చుట్టిన మోకు మీద బరువు ఆన్చి కాళ్లు పైకి లాక్కుంటాడు. కాళ్లతో మానును బిగించి మోకును పైకి జరుపుతాడు. ఒక పట్టు బరువు మోస్తుంటే రెండో పట్టు సడలుతుంది. రెండూ సడలితే కింద పడతాడు, రెండూ బిగుసుకుంటే ఉన్నచోటే ఉండిపోతాడు. కణం పాకే తీరు అచ్చం ఇదే. ముందువైపు పొర పల్చగా చాచుకుని నేలను కొత్తగా పట్టుకుంటుంది. లోపల ఉన్న యాక్టిన్ అనే ప్రోటీన్ పోగులు బిగుసుకుని ఒంటిని ముందుకు లాగుతాయి. అప్పుడు వెనకవైపు పట్టు వదులుతుంది. 1997లో అమెరికా శాస్త్రవేత్తలు కొందరు ప్రయోగశాలలో పెంచిన కణాల పట్టు బలాన్ని రకరకాలుగా మార్చి, ఒక్కో బలం దగ్గర అవి ఎంత వేగంగా పాకుతాయో కొలిచారు. పట్టు మరీ తక్కువైనా వేగం తగ్గింది, మరీ ఎక్కువైనా తగ్గింది. మధ్యస్థంగా ఉన్నప్పుడే కణాలు అన్నిటికంటే వేగంగా కదిలాయి.

నేలను పట్టుకునే ఈ ప్రోటీన్ల పేరు ఇంటెగ్రిన్లు. నేల అంటున్నాను గానీ, నిజానికి అది పిండంలో కణాల మధ్య పరుచుకున్న పోగుల వల. ఆ వలలో ముఖ్యమైన ప్రోటీన్ ఫైబ్రోనెక్టిన్. రిచర్డ్ హైన్స్ అనే శాస్త్రవేత్త 1973లో దీని గురించి ఒక వింత గమనించాడు. మామూలు కణాల ఒంటిమీద పుష్కలంగా ఉండే ఈ పెద్ద ప్రోటీన్, అవే కణాలు క్యాన్సర్ కణాలుగా మారినప్పుడు మాయమవుతోంది. 1984లో కాలిఫోర్నియాలో ఎర్కి రుయొస్లాటి బృందం మరో సంగతి కనిపెట్టింది. అంత పెద్ద ఫైబ్రోనెక్టిన్‌లో కణం పట్టుకునే చోటు కీలకమంతా వరసగా ఉన్న మూడు అమినో ఆమ్లాల్లో ఉంది. అవి ఆర్జినిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం. వేల అమినో ఆమ్లాల గొలుసులో మూడే మూడు! పట్టుకునే ప్రోటీన్‌కు ఇంటెగ్రిన్ అన్న పేరు 1986లో హైన్స్ బృందం పెట్టింది. కణం పొరకు అడ్డంగా ఉండి, బయటి కొసతో ఫైబ్రోనెక్టిన్‌నూ, లోపలి కొసతో టాలిన్, విన్‌క్యులిన్ వంటి ప్రోటీన్ల ద్వారా యాక్టిన్ పోగులనూ కలిపే ప్రోటీన్ అది. ఈ పరిశోధనలకు హైన్స్, రుయొస్లాటి, వాళ్లతో పాటు టిమోతీ స్ప్రింగర్ 2022లో లాస్కర్ పురస్కారం అందుకున్నారు.

గాజు పళ్లెంలో పెరిగే కణాల సంగతి సరే, బతికున్న పిండంలో దీనికి రుజువేమిటి? 1984లోనే జాన్-క్లోద్ బుకో, జాన్-పాల్ తియెరీ, కెన్నెత్ యమాదా వంటివారు ఆ రుజువు చూపించారు. ఆ మూడు అమినో ఆమ్లాలున్న చిన్న ముక్కను కృత్రిమంగా తయారుచేసి, బల్లిని పోలిన ఒక ఉభయచరం పిండం లోపలి ఖాళీలోకి ఎక్కించారు. ఇంటెగ్రిన్లు ఆ ముక్కలనే పట్టుకోవడంతో, అసలు ఫైబ్రోనెక్టిన్ పట్టు దొరకలేదు. మామూలుగా ఆ దశలో వందల కణాలు పిండం లోపలికి తరలి, పేగుకూ కండరాలకూ పునాది వేయాలి. ఆ కదలిక ఆగిపోయింది. అదే ముక్కను పక్షి పిండంలో ఎక్కిస్తే న్యూరల్ క్రెస్ట్ కణాలు బయల్దేరిన చోటే నిలిచిపోయాయి. 1993లో ఫైబ్రోనెక్టిన్ జన్యువే లేని ఎలుక పిండాలను తయారుచేసి చూస్తే అవి పుట్టకముందే చనిపోయాయి. గుండె, రక్తనాళాలు, వెన్ను వెంట ఉండాల్సిన కండరాల దిమ్మలు వాటిలో సరిగా ఏర్పడలేదు.

ఇది నేల పట్టు. ఇక కణానికి కణానికి మధ్య ఉండే పట్టు కథ వేరు. అందులో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం మసతోషి తకేయిచిది. దాని గురించి కాస్త తీరిగ్గా చెబుతాను.

ముందు నేపథ్యం. యోహానెస్ హోల్ట్‌ఫ్రెటర్ అనే జర్మన్ శాస్త్రవేత్త, అమెరికాలో స్థిరపడ్డాక, ఫిలిప్ టౌన్స్ అనే విద్యార్థితో కలిసి 1955లో ఒక ప్రయోగం ప్రకటించాడు. ఉభయచరాల పిండాలను క్షారద్రావణంలో ఉంచి కణాలను విడివిడిగా రాల్చారు. చర్మం కాబోయేవి, నాడులు కాబోయేవి, కండరం కాబోయేవి అన్నీ కలగలిపి వదిలేశారు. ఆ కణాలు మళ్లీ ముద్దకట్టాయి. ఆ తర్వాత ముద్దలో కదులుతూ కదులుతూ వేరుపడ్డాయి. చర్మానివి బయటికి, నాడులవి లోపలికి, కండరానివి మధ్యకు చేరాయి. ఎవరు ఎవరి పక్కన ఉండాలో వాటికి తెలుసన్నమాట. ఎలా తెలుసు?

తకేయిచి జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయంలో ఈ ప్రశ్న మీదే పనిచేస్తున్నాడు. ట్రిప్సిన్ అనే ఎంజైము ప్రోటీన్లను కోస్తుంది. దానితో కణాలను విడదీసి, అవి తిరిగి ఎలా అతుక్కుంటాయో చూసేవాడు. విడదీసిన కాసేపటికే అవి మళ్లీ గుంపులు కట్టేవి. 1970ల నడుమ అమెరికాలోని బాల్టిమోర్‌లో కార్నెగీ సంస్థ పిండశాస్త్ర విభాగానికి వెళ్లి, అదే ప్రయోగం మొదలుపెట్టాడు. అక్కడ కణాలు అతుక్కోలేదు. చేసే మనిషి ఒకడే, చేసే పద్ధతి ఒకటే, ఫలితం మాత్రం వేరు.

ఇలాంటప్పుడు నీళ్లలో తేడానో, కణాలు పాడయ్యాయనో సర్దుకుని వదిలేయడం సులువు. తకేయిచి వదల్లేదు. రెండు చోట్ల వాడే ద్రావణాలను ఒక్కొక్కటే పోల్చి చూశాడు. బాల్టిమోర్‌లో ట్రిప్సిన్‌తో పాటు ఇ.డి.టి.ఎ. అనే రసాయనం కూడా కలుపుతున్నారు. క్యోటోలో అది కలిపేవారు కాదు. ఇ.డి.టి.ఎ. చేసే పని ద్రావణంలోని కాల్షియాన్ని పట్టేసుకోవడం. అక్కడ తాళం విప్పుకుంది. కణం ఒంటిమీద ఏదో ఒక ప్రోటీన్ ఉంది. కాల్షియం దాన్ని అంటిపెట్టుకుని ఉంటే ట్రిప్సిన్ కూడా దాన్ని కోయలేదు, కణాలు మళ్లీ అతుక్కుంటాయి. కాల్షియం పోతే ఆ ప్రోటీన్ ముక్కలైపోతుంది, కణాలు ఒకదాన్నొకటి పట్టుకోలేవు. ప్రయోగం విఫలమైందని బాధపడాల్సిన చోట, ఆ వైఫల్యంలోనే ప్రోటీన్ ఆచూకీ దొరికింది. దాన్ని వెతికి పట్టుకోవడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. 1984లో దానికి క్యాడ్హెరిన్ అని పేరు పెట్టారు. 1987లో తకేయిచి బృందం ఆ జన్యువును ఒకదాన్నొకటి బొత్తిగా పట్టుకోని ఒక రకం ఎలుక కణాల్లోకి ఎక్కించింది. అంతదాకా విడివిడిగా ఉన్న కణాలు గట్టిగా దగ్గరై పొరలా ఏర్పడ్డాయి. ఒక్క ప్రోటీన్ చాలింది. మరుసటి ఏడు మరో ప్రయోగం చేశారు. కొన్ని కణాలకు ఒక రకం క్యాడ్హెరిన్, కొన్నిటికి ఇంకో రకం ఇచ్చి కలిపితే, ఏ రకానికి ఆ రకం వేరుపడింది. హోల్ట్‌ఫ్రెటర్ ముద్దలో కణాలు ఒకదాన్నొకటి గుర్తుపట్టిన తీరుకు, మూడు దశాబ్దాల తర్వాత, కొంతవరకైనా జవాబు దొరికినట్టయింది.

క్యాడ్హెరిన్ దగ్గరికే జర్మనీకి చెందిన రోల్ఫ్ కెమ్లర్ వేరే దారిలో చేరుకున్నాడు. ఎలుక పిండం ఎనిమిది కణాల దశకు చేరేసరికి, గుండ్రంగా విడివిడిగా కనిపించే కణాలు ఒకదానికొకటి హత్తుకుని ఒకే ముద్దలా మారతాయి. ఆ ప్రోటీన్‌ను అడ్డగించే యాంటీబాడీ వేస్తే హత్తుకోవు. మనిషి పిండంలో ఈ హత్తుకోవడం మూడు, నాలుగు రోజుల వయసులో జరుగుతుంది. ఐ.వి.ఎఫ్. కేంద్రాల్లో నాలుగో రోజున పిండాన్ని చూసేవాళ్లు గమనించే విషయాల్లో ఇదొకటి. క్యాడ్హెరిన్ లోపలి కొసను యాక్టిన్‌తో కలిపే కేటెనిన్లను వెలికితీసింది కూడా కెమ్లర్ బృందమే.

ఇప్పుడు మళ్లీ మన వీపు మధ్యగీత దగ్గరికి వద్దాం. నాలుగో వారంలో పిండం వీపు మీది కణాల పొర మధ్యలో ముడుచుకుని, అంచులు పైకి లేచి, కలుసుకుని గొట్టమవుతుంది. మెదడూ వెన్నుపామూ ఆ గొట్టం నుంచే వస్తాయి. గొట్టమయ్యే కణాలు అప్పటిదాకా ఒంటిమీద ఉన్న ఇ-క్యాడ్హెరిన్ అనే రకాన్ని తగ్గించుకుని ఎన్-క్యాడ్హెరిన్ అనే ఇంకో రకాన్ని పెట్టుకుంటాయి. చర్మమయ్యే పక్క కణాలు మాత్రం పాతదాన్నే ఉంచుకుంటాయి. గొట్టం చర్మం నుంచి విడివడి లోపలికి వెళ్లడానికి ఈ మార్పు తోడ్పడుతుంది.

ఈ గొట్టం దాదాపు ఇరవై ఎనిమిదో రోజుకు పూర్తిగా మూసుకోవాలి. చాలామంది తల్లులకు గర్భం వచ్చిన సంగతి అప్పటికి ఇంకా తెలిసి ఉండదు. మూసుకోకపోతే బిడ్డ మెదడు లేదా వెన్నుపాము లోపంతో పుడుతుంది. ఫోలిక్ ఆమ్లం ఈ ముప్పును బాగా తగ్గిస్తుందని 1991లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ అధ్యయనం చూపించింది. అంతకుముందు ఇలాంటి బిడ్డ పుట్టిన తల్లుల్లో మళ్లీ అలా జరగడం 72 శాతం తగ్గింది. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1940ల నడుమ అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. గర్భం కోసం అనుకుంటున్నప్పుడే, అంటే గర్భం రాకముందు నుంచే, డాక్టరు సలహాతో ఫోలిక్ ఆమ్లం మాత్ర మొదలుపెట్టాలి. ఈ మాట మీ ఇంట్లో ఆడపిల్లలకూ కోడళ్లకూ చెప్పండి. ప్రసంగం దారి కొంచెం మళ్లిందని తెలుసు, అయినా చెప్పకుండా ముందుకు వెళ్లలేను.

గొట్టం మూసుకునే వేళకు దాని పై అంచున ఉన్నవే న్యూరల్ క్రెస్ట్ కణాలు. స్నెయిల్ కుటుంబానికి చెందిన ప్రోటీన్లు వాటిలో పనిలోకి దిగి, తోటి కణాలను గట్టిగా పట్టుకునే క్యాడ్హెరిన్ల జన్యువులను అణచివేస్తాయి. పక్కవాటితో పట్టు సడలుతుంది. ఇంటెగ్రిన్లతో నేల మీద పట్టు కుదురుతుంది. కణం గొట్టం విడిచి బయటపడుతుంది.

ఎప్పుడు బయల్దేరాలో కూడా పట్టే చెబుతుందని ఈమధ్యే తెలిసింది. లండన్ యూనివర్సిటీ కాలేజీలో రోబెర్టో మాయోర్ బృందం ఆఫ్రికా కప్ప పిండాల మీద చేసిన పరిశోధన 2018లో వెలువడింది. న్యూరల్ క్రెస్ట్ కింద ఉండే కణజాలం మొదట మెత్తగా ఉంటుంది. కణాలు అక్కడికి వచ్చి కిక్కిరిసేకొద్దీ అది గట్టిపడుతుంది. పైనున్న కణాలు ఆ గట్టిదనాన్ని ఇంటెగ్రిన్, టాలిన్, విన్‌క్యులిన్‌ల ద్వారా గ్రహించి బయల్దేరతాయి. నేలను గట్టిపడనివ్వకుండా చేస్తే అవి కదల్లేదు. ముందుగానే గట్టిపరిస్తే, వేళ కాకముందే బయల్దేరాయి. రసాయన సంకేతాల కోసమే ఏళ్ల తరబడి వెతికిన శాస్త్రానికి, నేల గట్టిదనం కూడా సంకేతమేనని చెప్పిన ఈ పరిశోధన చాలా పెద్ద అడుగని నా అభిప్రాయం.

దారిలో తోటి కణాలతో పట్టు పూర్తిగా పోదు. పోకూడదు కూడా. రెండు క్రెస్ట్ కణాలు ఎదురుపడి తాకితే రెండూ ఆగి, ముందుకు చాచిన పొరను ముడుచుకుని, చెరోవైపు తిరిగి వెళతాయి. మైకెల్ అబర్‌క్రాంబీ 1950లలో గాజు మీద పెరిగే కణాల్లో ఈ ప్రవర్తనను వర్ణించాడు. పిండం లోపల కూడా ఇలాగే జరుగుతుందని 2008లో మాయోర్ బృందం చూపించింది. ఎదుటి కణం తగిలిందన్న కబురు ఎన్-క్యాడ్హెరిన్ ద్వారా అందుతుంది. దీని ఫలితం ఆలోచించండి. గుంపు మధ్యలో ఉన్న కణానికి నాలుగు వైపులా తోటివాళ్లే, అది ఎటూ పొర చాచలేదు. అంచున ఉన్న కణానికి బయటివైపు ఒక్కటే ఖాళీ. అందుకే గుంపు మొత్తం ఖాళీ ఉన్నవైపుకు సాగుతుంది. వెన్ను పక్కన సాగే కణాలకు మరో కట్టడి ఉంది. అక్కడి కండరాల దిమ్మల్లో ప్రతి దిమ్మ ముందు సగంలోంచే అవి వెళ్లగలవు. వెనక సగంలోని ఎఫ్రిన్ ప్రోటీన్లు వాటిని వెనక్కి నెడతాయి. మన వెన్నులో పూసపూసకూ ఒక జత నాడీగుచ్ఛం చొప్పున క్రమంగా ఉండటానికి కారణం అదే.

పెద్దయ్యాక ఈ పట్టు తప్పితే ఏమవుతుందో న్యూజిలాండ్‌లోని ఒక మావోరి కుటుంబం అనుభవం చెబుతుంది. ఆ కుటుంబంలో తరతరాలుగా చిన్న వయసులోనే కడుపు క్యాన్సర్‌తో మరణాలు జరిగేవి. ఒటాగో విశ్వవిద్యాలయంలో పార్రీ గిల్‌ఫర్డ్ బృందం ఆ కుటుంబంతో కలిసి పనిచేసి, 1998లో కారణం ప్రకటించింది. వాళ్లలో ఇ-క్యాడ్హెరిన్ జన్యువు దెబ్బతిని ఉంది. ఇప్పుడు ఇలాంటి కుటుంబాల్లో జన్యుపరీక్ష చేయించుకుని, ముప్పు ఉన్నవాళ్లు జబ్బు రాకముందే జాగ్రత్తపడుతున్నారు.

ఇక పేగుల సంగతి చెప్పి ముగిస్తాను. పిండంలో కణాల వలసలన్నిటిలోకీ సుదీర్ఘమైనది ఇక్కడే జరుగుతుంది. మెడ దగ్గరి న్యూరల్ క్రెస్ట్ కణాలు నాలుగో వారంలో అన్నవాహిక వైపు నుంచి ప్రవేశించి, పేగు పొడవునా నడిచి, ఏడో వారానికి మలద్వారం వైపు చివరకు చేరతాయి. ఎలుకలో వీటి వేగం గంటకు మిల్లీమీటరులో సుమారు పాతికో వంతు. అవి నడుస్తుంటే పేగు కూడా పొడవు పెరుగుతూనే ఉంటుంది. చివరిదాకా చేరకపోతే ఆ చివరి భాగంలో నాడీకణాలు ఉండవు. ఆ భాగం ఎప్పుడూ ముడుచుకునే ఉంటుంది, మలం ముందుకు కదలదు. కోపెన్‌హేగన్ పిల్లల వైద్యుడు హరాల్డ్ హిర్ష్‌ప్రుంగ్ 1886లో వివరించిన జబ్బు ఇది, ఆయన పేరుతోనే పిలుస్తారు. సుమారు 5,000 మంది శిశువుల్లో ఒకరికి వస్తుంది. పుట్టిన బిడ్డ మొదటి రెండు రోజుల్లో నల్లటి తొలి మలం విసర్జించకపోయినా, కడుపు ఉబ్బి పచ్చటి వాంతులు చేసుకుంటున్నా వెంటనే పిల్లల డాక్టరుకు చూపించాలి. నాడులు లేని భాగాన్ని తీసేసి మిగతా పేగును కలిపే ఆపరేషన్ ఉంది.

మనుషుల్లో ఈ జబ్బుకు ఎక్కువగా కారణమయ్యేది రెట్ అనే జన్యువు. అది నేరుగా పట్టుకు సంబంధించినది కాదు. అయితే 2006లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు ఎలుక న్యూరల్ క్రెస్ట్ కణాల్లోంచి ఒక ముఖ్యమైన ఇంటెగ్రిన్‌ను మాత్రం తీసేసి చూశారు. కణాలు బతికే ఉన్నాయి. కానీ నేల పట్టు దొరక్క ఒకదాన్నొకటి అతిగా పట్టుకుని ముద్దలు కట్టాయి, పెద్దపేగు చివర ఖాళీగా మిగిలిపోయింది. హిర్ష్‌ప్రుంగ్ జబ్బు లక్షణాలే వచ్చాయి. 2016లో న్యూయార్క్‌లోని స్లోన్ కెటరింగ్ శాస్త్రవేత్తలు మనిషి మూలకణాల నుంచి పేగు న్యూరల్ క్రెస్ట్ కణాలను తయారుచేసి, ఇలాంటి జబ్బున్న ఎలుకల పెద్దపేగు మొదట్లో ఎక్కించారు. అవి పేగు పొడవునా నడిచాయి, చనిపోవాల్సిన ఎలుకలు బతికాయి. ఈ వైద్యం ఇంకా పిల్లల దాకా రాలేదు. వయసు పెరిగేకొద్దీ పేగు గోడలోని పోగుల వల మారిపోయి, కొత్త కణాలకు దారి కష్టమవుతుందని జంతువుల్లో చూశారు. మారిన ఆ నేల మీద పట్టు దొరికేలా కణాలను సిద్ధం చేయడం ఎలా అన్నదాని మీద ఇప్పుడు పని జరుగుతోంది.